శ్రీహరికోట రోడ్డు పక్కన వాలిన ఈ గల్ ఏ జాతిది? గుర్తింపులో సాయం కోరుతున్నాను

కపిలతీర్థం వాసి (తిరుపతి):

అందరికీ నమస్కారం. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు మీద, జనవరిలో ఒక ఉదయం, పులికాట్ సరస్సు బురద మేటల మీద వాలి ఉన్న గల్ పక్షుల గుంపును ఫోటోలు తీశాను. వాటిలో ఒకదాన్ని ఇక్కడ పెడుతున్నాను. ఒళ్లంతా తెలుపు, వీపు లేత బూడిద రంగు, ముక్కు ఎరుపు, ముక్కు కొస మాత్రం నలుపు, కాళ్లు ఎరుపు, కంటి వెనుక చెవి ఉండే చోట ఒక నల్లటి మచ్చ. పరిమాణంలో మన ఊరి కాకి కంటే కాస్త పెద్దది. నా దగ్గరున్న పుస్తకం ప్రకారం ఈ లక్షణాలన్నీ బ్రౌన్ హెడెడ్ గల్‌కూ సరిపోతున్నాయి, బ్లాక్ హెడెడ్ గల్‌కూ సరిపోతున్నాయి. శీతాకాలంలో రెండింటి తలా తెల్లబడుతుంది కనుక పేర్లలో ఉన్న గోధుమ రంగు, నలుపు రంగు నాకు ఏ విధంగానూ ఉపయోగపడలేదు.

నేను అక్కడున్నంతసేపూ ఆ గుంపు ఒక చోట కుదురుగా లేదు. ఒక చిన్న తెల్లకొంగ చేపను పట్టగానే రెండు గల్‌లు దాని వెంటపడి, అది చేపను వదిలేసే దాకా తరిమాయి. ఈ అలవాటు రెండు జాతులకూ ఉంటుందా, లేక దీన్ని బట్టి కూడా జాతిని గుర్తించవచ్చా? తెలిసిన పెద్దలు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

కాళంగి ఒడ్డు (సూళ్లూరుపేట):

నమస్కారం కపిలతీర్థం గారు. పులికాట్‌కు శీతాకాలంలో వచ్చే మధ్యరకం గల్ పక్షుల్లో గోధుమ తల గల్‌లదే పైచేయి, నల్ల తల గల్‌లు వచ్చినా తక్కువగానే వస్తాయి. అయితే ఒక చోటికి ఏది ఎక్కువగా వస్తుందో తెలిసినంత మాత్రాన ఫోటోలో ఉన్నది అదేనని తేల్చేయడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే అలా తేల్చుకుంటూ పోతే అరుదుగా వచ్చే పక్షి ఎన్నటికీ మన లెక్కలోకి రాదు.

నిలబడి ఉన్న గల్‌ను చూసి ఈ రెండింటినీ వేరు చేయడం అనుభవం ఉన్నవారికి కూడా కష్టమే. ఆనవాలంతా రెక్క కొసలో ఉంది, పక్షి వాలినప్పుడు దాన్ని మడిచి పెట్టేస్తుంది. రెక్క విప్పినప్పుడు గోధుమ తల గల్‌కు కొసన వెడల్పాటి నల్లటి భాగం ఉంటుంది. ఆ నలుపు లోపల, అన్నిటికంటే బయట ఉన్న రెండు పెద్ద ఈకల మీద, కొసకు కొంచెం ఇవతలగా తెల్లటి కోలమచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి. నల్ల తల గల్ రెక్క అలా ఉండదు. దాని రెక్క ముందంచు పొడవునా, మణికట్టు మలుపు నుంచి కొస దాకా, మేకు ఆకారంలో తెల్లటి పట్టీ సాగుతుంది, నలుపు ఆ ఈకల చివర్లలో సన్నటి అంచుగా మాత్రమే మిగులుతుంది. ఎంత దూరాన ఎగురుతున్నా ఈ తేడా కంటికి ఆనుతుంది. అదే గుంపును ఎగురుతుండగా తీసిన ఫోటో ఏదైనా ఉంటే దయచేసి పెట్టండి.

చేపను లాక్కునే అలవాటు మాత్రం గల్‌లలో చాలా జాతులకు ఉంది కనుక దాన్ని బట్టి జాతిని చెప్పలేము.

నీవా తీరం (చిత్తూరు):

ఫోటోను పెద్దది చేసి చూశాను. కన్ను నల్లగా కనిపిస్తోంది. ఎదిగిన గోధుమ తల గల్ కంట్లో నల్లగుడ్డు చుట్టూ ఉండే వలయం లేత పసుపు కలిసిన తెలుపు రంగులో ఉంటుంది, అందువల్ల దాని చూపు కాస్త కఠినంగా అనిపిస్తుంది. నల్ల తల గల్ కన్ను మొత్తం ముదురు రంగే. పైగా ఈ పక్షి ముక్కు కూడా నాకు సన్నగానే తోస్తోంది. అందుచేత నేను నల్ల తల గల్ వైపే మొగ్గుతున్నాను. మన ప్రాంతంలో తక్కువని చెప్పి దాన్ని పక్కన పెట్టకూడదన్న కాళంగి గారి మాటే నాకు ఆధారం.

కాళంగి ఒడ్డు (సూళ్లూరుపేట):

నీవా గారు లేవనెత్తిన విషయం ముఖ్యమైనది. కంటి రంగు నిజంగానే మంచి గుర్తు, కాని పక్షి వయసు తెలియకుండా దాన్ని వాడకూడదు. గోధుమ తల గల్ పిల్లకు మొదటి శీతాకాలంలో కన్ను ముదురు రంగులోనే ఉంటుంది, లేత రంగు తర్వాత వస్తుంది. ఈ జాతి పూర్తిగా ఎదిగిన రూపానికి రావడానికి సుమారు రెండేళ్లు పడుతుంది. కనుక ముదురు కన్ను కనిపించినప్పుడు, ఇది నల్ల తల గల్ కావచ్చు, లేదా గోధుమ తల గల్ పిల్ల కావచ్చు అని రెండు దారులూ తెరిచి ఉంచుకోవాలి.

పిల్లను గుర్తుపట్టడం కష్టం కాదు. తోక చివర నల్లటి పట్టీ ఉంటుంది, మడిచిన రెక్క మీద గోధుమ రంగు ఈకలు అక్కడక్కడా మిగిలి ఉంటాయి, ముక్కూ కాళ్లూ ముదురు ఎరుపులో కాక పాలిపోయిన నారింజ రంగులో ఉంటాయి. ఇంకొక చిక్కు ఏమిటంటే, నేను పైన చెప్పిన తెల్లటి కోలమచ్చలు పిల్లల రెక్కల మీద ఉండవు, కొస అంతా నలుపే. కాబట్టి మచ్చలు లేవని చెప్పి గోధుమ తల గల్ కాదనడానికీ వీల్లేదు. ముందు వయసు, తర్వాత రెక్క, ఆ తర్వాతే కన్నూ ముక్కూ చూడాలి. ఈ వరుస తప్పితే ఎంత మంచి ఫోటో ఉన్నా చర్చ ముందుకు సాగదు.

మీ ఫోటోలోని పక్షి కాళ్లు ముదురు ఎరుపు, రెక్క మీద గోధుమ రంగు జాడ లేదు. ఎదిగిన పక్షే అనుకుంటున్నాను. అలాంటప్పుడు కన్ను నల్లగా ఎందుకుందన్నది తేలాలి.

చంద్రగిరి దుర్గం (చంద్రగిరి):

కన్ను నల్లగా కనిపించడానికి వెలుతురు కారణం కావచ్చు. ఆ రోడ్డు పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. జనవరిలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కనుక రోడ్డుకు దక్షిణాన ఉన్న పక్షిని తీస్తే ఎదురు వెలుతురే పడుతుంది. ముఖం నీడలో ఉండి లేత రంగు కంటి వలయం కూడా ముదురుగా అచ్చవుతుంది. మీ ఫోటోలో పక్షి నీడ మన వైపు పడి ఉండడం గమనించండి, వెలుతురు దాని వెనుక నుంచి వస్తోందని దాన్ని బట్టి తెలుస్తుంది. శీతాకాలంలో అక్కడికి వెళ్లేవారు రోడ్డుకు ఉత్తరాన ఉన్న మేటల మీద దృష్టి పెడితే రోజంతా మంచి వెలుతురు దొరుకుతుంది. ఉదయం శ్రీహరికోట వైపు ప్రయాణిస్తూ ఎదురుగా ఉన్న పక్షులను చూసి జాతిని తేల్చే ప్రయత్నం చేయకపోవడమే మేలు.

పరిమాణాన్ని కూడా నమ్మకండి. గోధుమ తల గల్ పొడవు 41 నుంచి 45 సెంటీమీటర్లు, నల్ల తల గల్ దానికంటే కొంచెం చిన్నది. రెండూ పక్కపక్కన నిలబడితే తప్ప ఆ తేడా కంటికి అందదు. మా ఊరి చెరువు గట్టు మీద ఒంటరిగా నిలబడిన ఏ తెల్లటి పక్షి అయినా ఉన్నదానికంటే పెద్దదిగానే అనిపిస్తుంది.

కపిలతీర్థం వాసి (తిరుపతి):

ఇంత వివరంగా స్పందించినందుకు అందరికీ కృతజ్ఞతలు. గుంపు లేచినప్పుడు తీసిన రెండు ఫోటోలను ఇప్పుడు జత చేస్తున్నాను. మొదటి దానిలో పక్షి ఎడమ రెక్క పూర్తిగా విచ్చుకుని ఉంది. కొస నల్లగా ఉంది, ఆ నలుపులో అంచుకు దగ్గరగా రెండు తెల్లటి మచ్చలు ఉన్నాయి, వాటిలో బయటిది పెద్దది. నలుపు మొదలయ్యే చోటికి లోపలగా, రెక్క మధ్యలో మళ్లీ తెల్లటి భాగం ఉంది. తోక అంతా స్వచ్ఛమైన తెలుపు, పట్టీ లేదు. రెండో ఫోటో రోడ్డుకు ఉత్తరం వైపు తీసినది, అందులో కన్ను లేత రంగులోనే కనిపిస్తోంది.

చంద్రగిరి దుర్గం (చంద్రగిరి):

ఇక సందేహం అక్కరలేదు. తోకకు పట్టీ లేదు కనుక ఎదిగిన పక్షి. నల్లటి కొసలో తెల్లటి కోలమచ్చలు ఉన్నాయి కనుక గోధుమ తల గల్. రెక్క అడుగుభాగం కూడా ఈ పక్షిలో బూడిద రంగు కలిసి మసకగా ఉంటుంది, మీ రెండో ఫోటోలో అదీ కనిపిస్తోంది.

అయితే మొదటి ఫోటోలో వెనుక వరుసలో, గుంపుకు కొంచెం ఎడంగా నిలబడిన ఒక పెద్ద పక్షిని మీరు గమనించారో లేదో. దాని ముక్కు పసుపు, ముక్కు కొసకు దగ్గరగా నల్లటి అడ్డపట్టీ, ఆ తర్వాత కాస్త ఎరుపు. కాళ్లు పసుపు. కంటి చుట్టూ మసిపూసినట్టు నల్లటి నీడ. అది పల్లాస్ గల్. మన తీరానికి వచ్చే గల్‌లన్నింటిలోకీ పెద్దది, ఒక్కొక్కటి 70 సెంటీమీటర్ల వరకూ పొడవు ఉండి గద్దను మించి కనిపిస్తుంది. ఫిబ్రవరి చివరికల్లా దాని తలకు కాటుక నలుపు ముసుగు వచ్చేస్తుంది, కంటికి పైనా కిందా సన్నటి తెల్లటి గీతలు మాత్రం మిగులుతాయి. ఆ రూపంలో ఒక్కసారి చూసినవారు మళ్లీ మరిచిపోలేరు. వీలైతే మార్చి మొదట్లో మరోసారి వెళ్లి చూడండి.

నీవా తీరం (చిత్తూరు):

రెక్క ఫోటో చూశాక గోధుమ తల గల్ అనడానికి నాకూ అభ్యంతరం లేదు. చర్చలో ముసుగుల ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట చేరుస్తాను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ పక్షులు తిరుగు ప్రయాణానికి ముందు తల రంగు మార్చుకుంటాయి. అప్పుడు రెండు జాతులకూ గోధుమ రంగు ముసుగే వస్తుంది. నల్ల తల గల్ ముసుగు కూడా నిజానికి నలుపు కాదు, ముదురు చాక్లెట్ రంగు. అది తల వెనుక భాగాన్ని చేరకముందే ఆగిపోతుంది. గోధుమ తల గల్ ముసుగు లేత రంగులో ఉంటుంది, ముఖం దగ్గర మరీ పలచగా ఉండి, మెడ వైపు అంచు దగ్గర మాత్రం ముదురు గీత గీసినట్టు ఉంటుంది. ఆ రెండు నెలల్లో గుంపును చూస్తే సగం ముసుగు వచ్చినవి, చుక్కలు చుక్కలుగా వచ్చినవి, అసలు రానివి కలగలిసి ఉంటాయి కనుక కొత్తవారు అవన్నీ వేర్వేరు జాతులని పొరబడే అవకాశం ఉంది.

ముక్కంటి సేవకుడు (శ్రీకాళహస్తి):

నాది కొంచెం వేరే ప్రశ్న, అయినా ఈ విషయానికే చెందినది. తిరుపతికి దగ్గరలోని రాయలచెరువులోనూ, వర్షాల తర్వాత మా స్వర్ణముఖి నీటి మడుగుల మీదా తెల్లటి పక్షులు చిన్న గుంపులుగా తిరుగుతుంటాయి. నీటి మీద ఒంగి ఒంగి ఎగురుతూ మధ్యమధ్య ముక్కుతో నీటిని తాకుతుంటాయి. మా ఇంట్లో పిల్లలు వాటిని సీగల్ అంటున్నారు. సముద్రం ఇంత దూరంలో ఉండగా అవి గల్‌లే అయ్యుంటాయా?

కాళంగి ఒడ్డు (సూళ్లూరుపేట):

అయ్యా, మీరు వర్ణించిన తీరును బట్టి అవి గల్‌లు కావు, వాటికి దగ్గరి చుట్టాలైన టెర్న్ అనే నీటిపక్షులు. నీటిని ముక్కుతో తాకుతూ ఎగిరేది చాలా మటుకు విస్కర్డ్ టెర్న్. అది శీతాకాలంలో మన చెరువుల మీదా వరిమడుల మీదా విరివిగా తిరుగుతుంది. ముక్కు పసుపు రంగులో ఉండి తోక లోతుగా చీలి ఉంటే అది రివర్ టెర్న్.

టెర్న్ ఒళ్లు సన్నగా, రెక్కలు కొసదేరి, ఎగిరేటప్పుడు ముక్కు నీటి వైపు దించి ఉంటుంది. చాలా టెర్న్‌లు పైనుంచి నిట్టనిలువునా నీళ్లలోకి దూకి చేపను పడతాయి. గల్ సాధారణంగా ఆ పని చేయదు. దాని ఒళ్లు భారీగా ఉంటుంది, రెక్కలు వెడల్పు, ముక్కును ముందుకు పెట్టి ఎగురుతుంది, తేలే వస్తువును పైపైన ఏరుకుంటుంది, హాయిగా బాతులా నీటి మీద కూర్చుంటుంది. టెర్న్ నీటి మీద కూర్చోవడం చాలా అరుదు.

అయితే పులికాట్‌లో గల్ బిల్డ్ టెర్న్ అనేది ఒకటుంది. అది కొత్తవారిని బాగా తికమక పెడుతుంది. దాని ముక్కు నల్లగా, లావుగా ఉంటుంది, దూకదు, బురద మేటల మీదుగా ఎగురుతూ పీతలనూ పురుగులనూ ఎత్తుకుపోతుంది. శీతాకాలంలో దాని తెల్లటి తల మీద కంటి పక్కన నల్లటి మరక ఉంటుంది కనుక, దూరం నుంచి చూస్తే గోధుమ తల గల్ చెవి మచ్చలాగే అనిపిస్తుంది. ముక్కు రంగూ కాళ్ల రంగూ చూడండి. రెండూ నలుపైతే టెర్న్.

ఇక సముద్రం దూరం మాటకు వస్తే, గల్ అంటే సముద్రం మీదే ఉండాలన్న నియమం లేదు. గోధుమ తల గల్ లోతట్టు ప్రాంతాల్లోని పెద్ద జలాశయాలకూ వస్తుంది. కనుక రాయలచెరువులో ఎప్పుడైనా ఒకటి కనబడితే ఆశ్చర్యపడనక్కరలేదు, ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.

ముక్కంటి సేవకుడు (శ్రీకాళహస్తి):

చాలా చక్కగా చెప్పారు. ముక్కు కిందికి దించి ఎగరడం నేనూ చూశాను, దాని అర్థం ఇప్పుడు తెలిసింది. ఈ గల్‌లు అసలు ఎక్కడి నుంచి వస్తాయో కూడా ఎవరైనా చెప్పగలరా?

చంద్రగిరి దుర్గం (చంద్రగిరి):

గోధుమ తల గల్ పుట్టిల్లు మధ్య ఆసియా పీఠభూములు. పామీర్ నుంచి టిబెట్ మీదుగా లోపలి మంగోలియా దాకా ఉన్న ఎత్తైన సరస్సుల్లో, దీవుల మీదా తడి నేలల మీదా గుంపులుగా గూళ్లు కడతాయి. మన దేశంలో లడఖ్‌లో పిల్లలను పెంచుతాయి. త్సో కర్, త్సో మొరిరి సరస్సులు రెండూ సముద్ర మట్టానికి 4,500 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్నాయి. అక్కడి నీళ్లు శీతాకాలంలో గడ్డకట్టుకుపోతాయి, తిండి దొరకదు. అందుకే సెప్టెంబరు, అక్టోబరు నెలల నుంచి దిగువకు వస్తూ మన దేశపు తీరాలకూ, బంగ్లాదేశ్, శ్రీలంక, థాయిలాండ్ తీరాలకూ చేరుకుంటాయి. ఏప్రిల్ నాటికి చాలావరకు తిరిగి వెళ్లిపోతాయి. అంత ఎత్తున మంచు కరిగిన నీళ్ల పక్కన పుట్టిన పక్షి, సముద్ర మట్టానికి సమానంగా ఉన్న మన ఉప్పునీటి సరస్సులో ఆరు నెలలు గడపడం నాకు ఎప్పుడూ గొప్ప విషయంగానే అనిపిస్తుంది.

మన ప్రాంతానికి చెందిన మరో సంగతి. ఈ జాతిని శాస్త్రీయంగా తొలిసారి వర్ణించి 1840లో పేరు పెట్టిన థామస్ జెర్డన్ మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన వైద్యుడు. ఆ తర్వాత ఆయన నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉన్న కాలంలో యానాదుల దగ్గర నుంచి ఇక్కడి జంతువుల గురించీ పక్షుల గురించీ ఎంతో సమాచారం సేకరించాడు.

ఇరకం దీవి (తడ మండలం):

ఈ చర్చను మొదటి నుంచీ చదువుతున్నాను. మాది సరస్సు మీద ఆధారపడిన కుటుంబం. నాకు జాతుల లెక్క అంతగా తెలియదు గాని ఈ పక్షుల నడవడి చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కనుక చూసినంత వరకూ రాస్తాను.

తెల్లవారుజామున వల లాగే పడవల దగ్గరికి ఇవి ముందుగా వస్తాయి. వల నీటిపైకి రాకముందే పడవ చుట్టూ తిరగడం మొదలుపెడతాయి. ఇంజను చప్పుడు కంటే పడవ నెమ్మదించడాన్నే ఇవి గుర్తుపడతాయని నా అభిప్రాయం, ఎందుకంటే ఊరికే దాటిపోయే పడవను పట్టించుకోవు. వలలో నుంచి జారిపోయిన చిన్న రొయ్యలనూ, మనిషి పక్కకు విసిరేసిన పరిగెలనూ నీటి మీదే ఏరుకుంటాయి. ఒకదానికి దొరికితే తక్కినవి దాని మీద పడతాయి. దొరికినది గబగబా మింగగలిగితే దక్కుతుంది, ముక్కున పట్టుకుని పారిపోవాలని చూస్తే దక్కదు. చిన్న పక్షులు పట్టిన చేపనే ఇవి ఎక్కువగా లాక్కుంటాయి. పెద్ద గూడబాతు దగ్గర మాత్రం దూరంగా కూర్చుని దాని సంచిలోంచి ఏదైనా జారుతుందేమోనని కాచుకుంటాయి.

నీళ్లు తగ్గినప్పుడు బురదలో నిలబడి ఒక చోటే కాళ్లను మార్చి మార్చి తొక్కుతూ ఉంటాయి. అప్పుడు బురదలోని పురుగులు కదిలి పైకి వస్తాయి, వెంటనే పొడుచుకుంటాయి. వానలు పడ్డాక ఉసుళ్లు లేచినప్పుడు ఇవి గాలిలోనే గుండ్రంగా తిరుగుతూ వాటిని అందుకోవడం కూడా చూశాను. చచ్చిన చేపను వదలవు, ఒడ్డున చేపలు శుభ్రం చేసిన చోట పారేసిన పేగులనూ వదలవు. సాయంత్రానికి అన్నీ కలిసి మనుషులు నడిచి రాలేని ఇసుక దిబ్బ మీదికి చేరి, ఒకే దిక్కుకు, గాలికి ఎదురుగా ముఖాలు పెట్టి రాత్రి గడుపుతాయి.

ఒకప్పుడు ఇవి వాలే చోట్లలో కొన్ని ఇప్పుడు లేవు. ముఖద్వారాలు పూడుకుపోయి సముద్రపు నీళ్లు సరిగా రాక ఉత్తరం వైపు సరస్సు వేసవి రాకముందే ఎండిపోతోంది. నీళ్లు లేనిచోట చేప ఉండదు, చేప లేనిచోట మేమూ ఉండలేము, ఈ పక్షీ ఉండలేదు.

కపిలతీర్థం వాసి (తిరుపతి):

ఇరకం గారూ, మీరు రాసినదాంట్లో సగం కూడా నా పుస్తకంలో లేదు. హృదయపూర్వక ధన్యవాదాలు. కాళ్లతో బురద తొక్కడం నేనూ చూశాను గాని చలికి అలా చేస్తున్నాయేమో అనుకున్నాను.

మరొక సందేహం. ఒక ఫోటోలో పక్షి ముక్కు కొసన నీటి బొట్టు వేలాడుతోంది. అది తల విదిలించగానే రాలిపోయింది, కాసేపటికి మళ్లీ ఇంకొక బొట్టు చేరింది. నీళ్లు తాగడం నేను చూడలేదు. పక్షికి ఏదైనా జబ్బా?

నీవా తీరం (చిత్తూరు):

జబ్బు కాదు, అది పక్షి ఒంట్లోని ఉప్పు బయటికి వెళ్లే దారి. గల్‌లకు కళ్లకు పైభాగంలో ఉప్పును వడగట్టే గ్రంథులు ఉంటాయి. ఉప్పునీళ్లు తాగినా, ఉప్పునీటి రొయ్యలను తిన్నా రక్తంలో చేరే అదనపు ఉప్పును మూత్రపిండాలు ఒక్కటే బయటికి పంపలేవు. ఈ గ్రంథులు ఆ ఉప్పును తీసుకుని సముద్రపు నీటి కంటే చిక్కటి ఉప్పు ద్రవంగా మార్చి ముక్కు రంధ్రాల గుండా వదులుతాయి. ఆ ద్రవం ముక్కు పైనుంచి కిందికి జారి కొసన బొట్టుగా నిలుస్తుంది, పక్షి తల విదిలించి దాన్ని రాల్చేస్తుంది. మీ ఫోటోను పెద్దది చేస్తే ముక్కు రంధ్రం నుంచి కొస వరకూ సన్నటి తడి చార కనిపిస్తుంది, గమనించండి. ఇంత స్పష్టంగా దీన్ని ఫోటోలో పట్టుకోవడం అంత తేలిక కాదు, ఆ చిత్రాన్ని జాగ్రత్తగా దాచుకోండి.

లడఖ్ సరస్సుల్లోనూ ఉప్పునీటివి ఉన్నాయి, త్సో కర్ అలాంటిదే. కనుక ఈ ఏర్పాటు ఆ పక్షికి అక్కడా ఇక్కడా పనికొస్తుంది.

ముక్కంటి సేవకుడు (శ్రీకాళహస్తి):

పడవ షికారుకు పోయినప్పుడు కొందరు ఈ పక్షులకు బొరుగులూ మిక్చరూ వేయడం, అవి పడవ వెంట అరుస్తూ రావడం చూశాను. పిల్లలకు ఎంతో సంబరంగా ఉంటుంది. ఇందులో తప్పేమైనా ఉందా?

చంద్రగిరి దుర్గం (చంద్రగిరి):

ఉందనే నా అభిప్రాయం, దాన్ని గట్టిగానే చెబుతాను. నూనెలో వేయించి ఉప్పూ కారమూ చల్లిన పిండి తినుబండారం చేపలూ పురుగులూ తినే పక్షికి తిండి కాదు. కడుపు నిండుతుంది, బలం రాదు. ఏప్రిల్‌లో హిమాలయాలు దాటి వేల కిలోమీటర్లు పోవలసిన పక్షి ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒంట్లో కొవ్వు చేర్చుకోవాలి, ఈకలు మార్చుకోవాలి. సరిగ్గా ఆ నెలల్లోనే మన షికార్లు ఎక్కువ. పైగా ఒక చోట గుమిగూడిన పక్షుల మధ్య జబ్బులు వేగంగా పాకుతాయి. 2005లో చైనాలోని ఛింగ్‌హాయ్ సరస్సులో బర్డ్ ఫ్లూ వచ్చి వేలాది వలస పక్షులు చనిపోయినప్పుడు వాటిలో పట్టెతల బాతులతో పాటు గోధుమ తల గల్‌లూ పల్లాస్ గల్‌లూ ఉన్నాయి. అందుకే చనిపోయిన పక్షి కనబడితే చేతితో ముట్టుకోకుండా అటవీ శాఖ వారికి చెప్పాలి.

ఇరకం దీవి (తడ మండలం):

చంద్రగిరి గారు చెప్పింది నిజమే, అయితే పడవ నడిపేవారి మీద నేరం మోపకండి. పక్షులు దగ్గరికి వస్తేనే షికారుకు వచ్చినవారు సంతోషిస్తారు, అలా సంతోషిస్తేనే నాలుగు డబ్బులు మిగులుతాయి. వల లాగే చోటికి కొంచెం ఎడంగా పడవను ఆపితే మిక్చరు వేయకుండానే పక్షులు తలమీదుగా తిరుగుతాయి. నేను నా వాళ్లకు అదే చెబుతున్నాను. ఫోటోలు తీసేవారికి కూడా అప్పుడే రెక్కలు బాగా కనిపిస్తాయి.

కాళంగి ఒడ్డు (సూళ్లూరుపేట):

చాలా మంచి సూచన. నేను కూడా పరిచయస్తులకు ఇదే చెబుతాను.

కపిలతీర్థం గారూ, ఈ పరిశీలనను ఈబర్డ్ అనే పక్షుల నమోదు వెబ్‌సైటులో నమోదు చేయండి. రెక్క ఫోటోను తప్పకుండా జత చేయండి. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో పాల్గొంటే, గుంపులో ఎదిగినవి ఎన్ని, తోకకు పట్టీ ఉన్న పిల్లలు ఎన్ని అన్నది విడివిడిగా రాసుకోండి. మొత్తం సంఖ్య అందరూ రాస్తారు, పిల్లల సంఖ్య రాసేవారు తక్కువ. ఆ ఏడు పైనున్న సరస్సుల్లో సంతానం ఎలా ఉందో ఊహించడానికి అదే ఆధారం.

కపిలతీర్థం వాసి (తిరుపతి):

తప్పకుండా చేస్తాను. నమోదు చేస్తుండగా చివరి ఫోటోలో మరొక పెద్ద గల్ కనిపించింది. వీపు ముదురు బూడిద రంగు, తల తెలుపు, మెడ వెనుక సన్నటి గోధుమ రంగు చారలు, ముక్కు పసుపు, కింది ముక్కు మీద ఎర్రటి చుక్క. కాళ్లు నీటిలో మునిగి ఉన్నాయి. ఇది కూడా పల్లాస్ గల్ అనుకోవచ్చా?

చంద్రగిరి దుర్గం (చంద్రగిరి):

కాదు. పల్లాస్ గల్ వీపు లేత బూడిద, దాని ముక్కుకు నల్లటి అడ్డపట్టీ ఉండాలి. మీరు వర్ణించినది ఉత్తర రష్యా టండ్రా నుంచి వచ్చే హ్యూగ్లిన్ గల్ కావచ్చు, లేదా కజకిస్తాన్ వైపు నుంచి వచ్చే స్టెప్పీ గల్ కావచ్చు. వీపు ఎంత ముదురు అన్నదే వీటి మధ్య ప్రధానమైన తేడా, ఎదురు వెలుతురులో తీసిన ఒక్క ఫోటోతో దాన్ని కొలవలేము. ఈబర్డ్‌లో ఈ రెండూ లెస్సర్ బ్లాక్ బ్యాక్డ్ గల్ కిందికే వస్తాయి కనుక ప్రస్తుతానికి ఆ పేరుతో నమోదు చేసి, ఉపజాతి గడిని ఖాళీగా వదిలేయండి. ఉత్తరం వైపు మేటల మీద అదే పక్షి మళ్లీ దొరికితే గోధుమ తల గల్ పక్కన నిలబడినప్పుడు తీయండి, రెండు వీపుల రంగులనూ పోల్చుకుని అప్పుడు మాట్లాడుకుందాం.